సూరన్న సన్నాయికి మూడు కాపీలు

ఊళ్ళో ఉన్న తెలివంతా ఒక్క కొంపలోనే పోగుపడిపోతే మిగతా జనం పాపం ఎలా బతుకుతారా అని తవిటయ్యకి అప్పుడప్పుడూ బెంగగా ఉండేది. ఆ కొంప తనదే మరి!

కోనవలసలో వాళ్ళది పెళ్ళిమేళం. తవిటయ్య డోలు వాయిస్తాడు. తమ్ముడు పోలయ్య తాళం వేస్తాడు. తవిటయ్య పెళ్ళాం గౌరమ్మ ఇల్లు చక్కబెడుతుంది. తల్లి దాలమ్మ ఈ ముగ్గురినీ చూసుకుని మురిసిపోతూ ఉంటుంది. నలుగురిలో ఎవరు ఎక్కువ తెలివైనవాళ్ళో ఇప్పటిదాకా తేల్లేదు. భోజనాల దగ్గర ఆ గొడవ మొదలైతే చేతులు ఎండిపోయేదాకా సాగేది.

వాళ్ళ తెలివి ఎలాంటిదంటే, ఒకసారి పెళ్ళికి బస్సులో వెళ్తున్నారు. కండక్టరు "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అన్నాడు. జరిగారు. "ఇంకా జరగండి" అన్నాడు. అంతే! జరిగి జరిగి ముందు తలుపులోంచి కిందికి దిగిపోయారు. డోలు నెత్తిన పెట్టుకుని పెళ్ళివారి ఊరిదాకా నడిచే వెళ్ళారు. "టిక్కెట్టు కొని కూడా బస్సుకి బరువు పెట్టలేదు. అంత మర్యాద ఇంకెవరికుంది?" అని తవిటయ్య ఏడాదిపాటు చెప్పుకున్నాడు.

ఆ ఇంట్లో సన్నాయి వాయించినవాడు తండ్రి సూరన్న. పెళ్ళికూతురు పందిట్లోకి నడిచొచ్చేటప్పుడు ఆయన వాయించే వరస ఒకటుండేది. ఆయన సొంతంగా కట్టుకున్నది. అది వినగానే పెళ్ళికూతురి తల్లి ఏడ్చేది, తండ్రి ఏడ్చేవాడు, ఏ సంబంధమూ లేని వంటవాళ్ళు కూడా గరిటె కింద పెట్టి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ వరస కొడుకులిద్దరికీ అబ్బలేదు. సూరన్న రెండేళ్ళ కిందట పోయాడు. పోయేముందు తవిటయ్య చేసిన తెలివైన పని ఒక్కటే. ఆయన పెరట్లో కూర్చుని వాయిస్తుంటే ఫోన్లో వీడియోలు తీసి 'ముచ్చట' అనే యాప్‌లో పెట్టాడు. తీసి తీసి ఫోనులో ఖాళీ లేకపోతే, యాప్‌లో ఉన్నాయి కదా అని ఫోనులోవి చెరిపేశాడు.

రోజూ సాయంత్రం దాలమ్మ గుమ్మంలో కూర్చుంటే తవిటయ్య వాటిలో ఒకటే వీడియో పెడతాడు. సూరన్న ముందు దగ్గుతాడు. తర్వాత "ఒరే తవిటీ, ఫోను వంకరగా పట్టుకున్నావురా" అంటాడు. తవిటయ్య వెంటనే ఫోను సరిచేస్తాడు. ఆ తర్వాత సూరన్న వరస వాయిస్తాడు. ఆఖర్న సన్నాయి దించి "దాలీ, కాసిన్ని మంచినీళ్ళట్రా" అంటాడు. దాలమ్మ లేచి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఫోను ముందు పెడుతుంది. అప్పటిగ్గానీ అన్నం ముట్టదు.

అలా సాగిపోతుండగా ఒకరోజు పొద్దున్న ఫోన్లో ఒక మాట వచ్చింది. తవిటయ్య కూడబలుక్కుని పైకి చదివాడు.

"ఈ నెలాఖరుకి ముచ్చట మూతపడుతోంది. మీ జ్ఞాపకాలను భద్రపరుచుకోండి."

పోలయ్య ఉలిక్కిపడ్డాడు. "మూతా? ఏ మూత అన్నియ్యా?"

"అది రాయలేదురా. మూత పడుద్దని మాత్రం రాశారు."

"నాన్న మీద పడితే?"

తవిటయ్య కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. కళ్ళు తెరిచి, "అసలు మూతే లేకపోతే పడేదేటి?" అన్నాడు.

ఆహా అనుకున్నారు ముగ్గురూ. ఇంకేముంది! గౌరమ్మ అన్నం గిన్నె మూత తీసేసింది. పాలగిన్నె మూత తీసేసింది. పప్పుల డబ్బాలు, కారం డబ్బా, నూనె సీసా, దేన్నీ వదల్లేదు. మూతలన్నీ గోనెసంచిలో మూటకట్టి గొయ్యి తీసి పాతేశారు. పాలు పిల్లి తాగేసింది. కారం గాలికి లేచి ఇంటిల్లిపాదీ తుమ్ముతూ కూర్చున్నారు. తుమ్ముతూనే తవిటయ్యకి ఇంకో అనుమానం వచ్చింది.

"పక్కింటివాళ్ళ మూత వచ్చి పడితేనో?"

అంతే! పోలయ్య వీధిలోకి పరిగెత్తాడు. ఏ ఇంట్లో మూత కనిపిస్తే అది పట్టుకొచ్చాడు. వీధి బావి మీద ఉన్న రేకు మూత కూడా లాక్కొచ్చాడు. పక్కింటి కోడిపెట్ట తిన్నగా వెళ్ళి బావిలో పడింది. చేద వేసి దాన్ని పైకి లాగేసరికి వీధి వీధంతా వాళ్ళ గుమ్మం ముందు నిలబడింది.

"మూతలు తీసుకుపోవడమేంటి మీ మొహాలు మండ! మూతపడడమంటే ఆ యాప్ ఆగిపోతుందని. కూడలిలో ఫోన్లు బాగుచేసే రత్నంగారిని అడగండి పొండి!" అని పక్కింటామె తడికోడిని చంకలో పెట్టుకుని కేకలేసింది.

తవిటయ్యకి అవమానమేమీ అనిపించలేదు. 'మూత విషయం నేను సగం కనిపెట్టాను, ఈమె మిగతా సగం చెప్పింది' అనుకున్నాడు.

రత్నంగారు కూడలిలో చిన్న కొట్టు పెట్టుకున్న మనిషి. ఓపిక ఎక్కువ. వాళ్ళు చెప్పిందంతా విని ఫోను చేతిలోకి తీసుకుని చూసింది.

"తవిటయ్యగారూ, ఇప్పుడు కరెంటు లేదు. ఫోను ఇక్కడ పెట్టి వెళ్ళండి. సాయంత్రానికి మీ నాన్నగారి వీడియోలన్నీ నేను దించి ఇస్తాను."

తవిటయ్య ఫోను లాక్కుని గుండెలకి హత్తుకున్నాడు. "మా నాన్నని ఒంటరిగా కొట్లో వదిలేసి వెళ్తామా అమ్మా? ఏం చెయ్యాలో చెప్పండి. మేమే చేసుకుంటాం. మాకేం తెలివి లేదా?"

రత్నంగారు ఆయన మొహం వైపు చూసి ఊపిరి వదిలింది. "సరే, జాగ్రత్తగా వినండి. మీ పాస్‌వర్డ్ ఒకటి రెండు మూడు అని పెట్టారు. అది ఎవరైనా కనిపెట్టేస్తారు. గట్టిది పెట్టండి, ఎవరికీ చెప్పకండి. వీడియోలన్నీ ముందు సేవ్ చెయ్యండి. తర్వాత మూడు కాపీలు చేసుకోండి. ఒకటి ఇంట్లో ఉంచండి, రెండోది వేరే రకం దాంట్లో పెట్టండి, మూడోది వేరే ఊళ్ళో ఎవరైనా నమ్మకస్తుల దగ్గర పెట్టండి. ఇంట్లోది పోయినా ఊళ్ళోది ఉంటుంది. అప్పుడప్పుడూ తెరిచి చెడిపోయాయేమో చూసుకోవాలి. ఇవన్నీ కాదంటే క్లౌడ్‌లో పెట్టేయండి. క్లౌడంటే మబ్బు. అందులో ఉంటే ఏ ఊళ్ళో ఉన్నా కిందికి దించుకోవచ్చు."

తవిటయ్య అక్కడికక్కడే తలమీద తువ్వాలు కప్పుకుని, అందులో ఫోను పెట్టుకుని పాస్‌వర్డ్ మార్చేశాడు. ఏం పెట్టాడో తమ్ముడిక్కూడా చెప్పలేదు. ఇంటికొచ్చి అమ్మనీ గౌరమ్మనీ కూర్చోబెట్టి విన్నదంతా అప్పజెప్పాడు.

గౌరమ్మ కొంగు బిగించింది. "మూడు కాపీలేగా! దానికింత హడావిడేటి?"

పొయ్యి వెలిగించింది. డికాషను దించింది. మామకి ఇష్టమని బెల్లం వేసింది. మూడు కాపీలు కలిపింది. ఒకటి స్టీలు గ్లాసులో పోసి ఇంట్లో గూట్లో పెట్టింది. రెండోది వేరే రకం దాంట్లో ఉండాలి కదా, ఇత్తడి చెంబులో పోసింది. మూడోది సీసాలో పోసి బిరడా బిగించి, పాలకొండలో ఉన్న ఆడపడుచు సత్తెమ్మకి బస్సులో పంపించింది.

దాలమ్మకి కాపీ వాసన తగిలింది. గూటి దగ్గరికి వెళ్ళి గ్లాసు అందుకుంది.

"అమ్మా! దాన్ని ముట్టుకోకు!" తవిటయ్య అడ్డం పడ్డాడు. "అది నాన్న!"

దాలమ్మ గ్లాసులోకి తొంగిచూసింది. ఆమెకి కళ్ళు చెమర్చాయి. "ఎంత నల్లగా అయిపోయాడురా! ఒలే గౌరీ, మీ మామకి పాలు ఇంకాస్త పొయ్యకపోయావా?"

రెండ్రోజులకి గ్లాసులో కాపీ మీద మీగడ కట్టి, చీమలు పట్టి, పులిసిన వాసన వేసింది. చెంబులోది ఇంకా ఘోరం. "తెరిచి చూసుకోమంది ఇందుకే" అని పోలయ్య ముక్కు మూసుకుని చెప్పాడు. "వేరే ఊళ్ళోది బావుంటుందిలే" అని తవిటయ్య ధైర్యం చెప్పి చెల్లెలికి ఫోను చేశాడు.

"అన్నియ్యా, కాపీ అందింది" అంది సత్తెమ్మ. "చల్లారిపోతే మా ఆయన వెచ్చబెట్టుకుని తాగేశాడు."

తవిటయ్య ఎగిరి లేచాడు. "తాగేశాడా! మా నాన్నని తాగేశాడా!"

"బెల్లం కాస్త ఎక్కువైందన్నాడు."

"చెల్లీ, బావని కదలకుండా పడుకోబెట్టు. నీళ్ళు తాగనియ్యకు, నాన్న పలచబడిపోతాడు!" అని అరిచి ఫోను పెట్టేసి తల పట్టుకున్నాడు. అటు బావ సంగతి తెలీదు గానీ, ఇటు ఆ ఇంట్లో ఆ పూట ఎవరూ పొయ్యి వెలిగించలేదు.

"కంగారు పడకు అన్నియ్యా" అన్నాడు పోలయ్య. "మనం వరస తప్పేం. రత్నంగారు ముందు సేవ్ చెయ్యమంది. సేవ్ చెయ్యకుండా కాపీ పట్టుకెళ్ళి పెడితే ఎవరికి మాత్రం కుదురుద్ది?"

నిజమే కదా! తవిటయ్య తమ్ముడి వీపు తట్టాడు. ఇద్దరూ ఫోను తీసుకుని మంగలి సింహాద్రి కొట్టుకి వెళ్ళారు. ఖాళీగా ఉన్న కుర్చీలో ఫోనుని నిలబెట్టి మెడకి తెల్లగుడ్డ కట్టారు.

"ఎవరికి?" అన్నాడు సింహాద్రి కత్తి నూరుతూ.

"నాన్నకి. సేవ్ చెయ్యాలి."

సింహాద్రి ఫోన్లో సూరన్న మొహం చూశాడు, వీళ్ళ మొహాలు చూశాడు. నవ్వు బిగబట్టుకున్నాడు. పనేమీ లేని పూట అది. "సరే. మీసం ఉంచాలా, తీసెయ్యాలా?"

ఈ మాట రత్నంగారు చెప్పలేదు! అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోలయ్య అమ్మని అడిగి రావడానికి పరుగు తీశాడు. ఈలోపు సింహాద్రి సరదాకి బ్రష్షుతో ఫోనుకి నురగ పూశాడు. అంతలో దాలమ్మ వీధి మొదట్నుంచే కేకలు పెడుతూ వచ్చింది. "నా పెళ్ళినాటి మీసంరా అది! కత్తి తగిలిందో నీ చెయ్యి విరుస్తాను!"

సింహాద్రి అదిరిపోయి చెంబెడు నీళ్ళు ఫోను మీద కుమ్మరించేశాడు. నురగ పోయింది. మీసం నిలిచింది. కానీ ఇంటికొచ్చి వీడియో పెడితే సన్నాయి బుడబుడమంటూ నీళ్ళలోంచి వస్తోంది.

దాలమ్మ నెత్తి కొట్టుకుంది. "తెల్లవారుతూనే తలమీద నీళ్ళు పోశారు. జలుబు చేసింది మీ నాన్నకి!"

జలుబుకేం చెయ్యాలో చెప్పడానికి రత్నంగారు అక్కర్లేదు. గౌరమ్మ గిన్నెడు నీళ్ళు మరగబెట్టి పసుపు వేసింది. ఫోనుని ఆవిరి మీద పట్టుకుని దుప్పటి కప్పేశారు. లోపల్నుంచి కాసేపు బుడబుడ, కాసేపు గురగుర వినిపించాయి. తర్వాత ఏమీ వినిపించలేదు.

"నిద్రపట్టింది" అంది దాలమ్మ తృప్తిగా.

దుప్పటి తీశారు. అద్దం మీద తెల్లగా ఆవిరి పట్టేసి ఉంది. నాన్న లేడు, సన్నాయి లేదు, అంతా పొగమంచు. తవిటయ్య నెత్తిన చేతులు పెట్టుకుని చతికిలబడ్డాడు. పోలయ్య మాత్రం ఎగిరి గంతేశాడు.

"అన్నియ్యా! మబ్బు! చూడు మబ్బు! మనకి తెలీకుండానే నాన్నని మబ్బులోకి ఎక్కించేశాం!"

తవిటయ్య ఫోను తిప్పి చూశాడు. అవును, మబ్బే! ఇంతకంటే భద్రమేముంది? ఆ మధ్యాహ్నం నలుగురూ వాకిట్లో మంచం వేసుకుని ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నారు. కొండ వెనకనుంచి నల్లటి మబ్బొకటి లేచింది. దాలమ్మ లేచి నిలబడి తలమీద కొంగు కప్పుకుంది. ఆ మబ్బు మెల్లగా వాళ్ళ ఇంటి మీదుగా సాగి, ఆగకుండా పక్కూరు జగ్గంపేట వైపు వెళ్ళిపోయింది. అటువైపు ఉరిమింది. దూరంగా వాన ధారలు కనిపించాయి.

"కొంప మునిగింది!" అని తవిటయ్య కేక పెట్టాడు. "నాన్న జగ్గంపేటలో కురిసేస్తన్నాడు!"

ఇంకేముంది! బిందెలు, బకెట్లు, తప్పేలాలు పట్టుకుని ముగ్గురూ పొలాలకి అడ్డంపడి పరుగు. జగ్గంపేట జనం అరుగుల మీద నిలబడి చూస్తుండగా వీధి నడుమ బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. ఒక ముసలాయన చూరు కింద కాళ్ళు కడుక్కుంటుంటే తవిటయ్య వెళ్ళి ఆయన కాళ్ళమీద పడ్డాడు. "తాతా, మా నాన్నతో కాళ్ళు కడుక్కోకు!" ఆ ముసలాయన జన్మలో మళ్ళీ వానలోకి దిగి ఉండడు.

తడిసి ముద్దై బిందెలు మోసుకుని ఇంటికొచ్చారు. దాలమ్మ ఒక్కో బిందెలోకి తొంగిచూసింది. మూడో బిందెలోంచి కప్ప ఒకటి ఎగిరి ఆమె ఒళ్ళో పడి బెకబెకమంది.

"నాన్న గొంతు కాస్త బొంగురు పోయింది" అన్నాడు పోలయ్య నెమ్మదిగా.

దాలమ్మ కప్పని తీసి అవతల వదిలేసింది. వెళ్ళి గుమ్మంలో రోజూ కూర్చునేచోట కూర్చుంది. సాయంత్రమైంది. గౌరమ్మ అన్నం కంచం తెచ్చింది. దాలమ్మ ముట్టలేదు.

"మీ నాన్న నీళ్ళడగలేదు" అంది. "ఆయన నీళ్ళడగనిదే నేనెప్పుడు తిన్నాను?"

మర్నాడూ అంతే. తవిటయ్య అమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుని ఆ వరస నోటితో పాడబోయాడు. మొదటి రెండు ముక్కలు వచ్చాయి. ఆ తర్వాత ఏముందో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. పోలయ్యకీ రాలేదు. రోజూ విన్నారు గానీ, నాన్న ఉన్నాడు కదా, ఫోనుంది కదా అని ఎన్నడూ నేర్చుకోలేదు. తవిటయ్యకి జీవితంలో మొదటిసారి, తనకి తెలివి కాస్త తక్కువేమో అన్న అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఎంత చేదుగా ఉందంటే, గబగబా దాన్ని పక్కకి నెట్టేసి, అమ్మని చెయ్యి పట్టుకుని లేపి, ఆ పాడైన ఫోను తీసుకుని రత్నంగారి కొట్టుకి బయల్దేరాడు. అది నెలాఖరు రోజు.

రత్నంగారు ఫోను తెరిచి చూసింది. లోపల్నుంచి పసుపు నీళ్ళు కారాయి.

"ఇది పనికిరాదు తవిటయ్యగారూ. కానీ భయపడకండి. వీడియోలు ఫోన్లో లేవు, మీ అకౌంటులో ఉన్నాయి. ముచ్చట ఈ సాయంత్రం దాకా ఉంటుంది. నా కంప్యూటర్లో తెరుద్దాం. మీ పాస్‌వర్డ్ ఏంటి?"

తవిటయ్య పెదాలు బిగించాడు. "ఎవరికీ చెప్పొద్దన్నారు గదమ్మా."

"నాకు చెప్పొచ్చు."

"ఎవరికీ అంటే అందులో మీరు రారా?"

దాలమ్మ స్టూలు మీద కూర్చుని వాళ్ళిద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. రత్నంగారు ఆమెని చూసి, గోడ గడియారం చూసి, గొంతు తగ్గించింది.

"కొత్త పాస్‌వర్డ్ పెట్టాలంటే ఆ ఫోనుకే నంబరు వస్తుంది, ఆ ఫోనూ సిమ్మూ రెండూ పోయాయి. సరే, మీరు చెప్పకండి. నేను అటు తిరుగుతాను. మీరే పాస్‌వర్డ్ కొట్టండి."

"కొట్టమంటారా?"

"కొట్టండి, తొందరగా!"

తవిటయ్య కొట్టు దిగి ఇంటివైపు ఒకటే పరుగు. అందరూ అలా చూస్తుండగానే రొప్పుతూ తిరిగొచ్చాడు. చేతిలో రోకలి! వచ్చీ రాగానే రెండు చేతులా పైకెత్తి కంప్యూటర్ మీదికి గురిచూశాడు.

"అయ్యో అయ్యో అయ్యో!" రత్నంగారు కంప్యూటర్ని కౌగిలించుకుంది. "ఏం చేస్తున్నారు!"

"మీరే గదమ్మా పాస్‌వర్డ్ కొట్టమన్నారు!"

రత్నంగారు రోకలి వైపు చూసింది. తవిటయ్య వైపు చూసింది. నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

"తవిటయ్యగారూ, గట్టిది పెట్టమంటే మీ ఇంట్లో అన్నిటికంటే గట్టిది పెట్టారా?"

తవిటయ్య మొహం తెల్లబోయింది. "ఎలా తెలిసిపోయింది?"

ఆమె 'రోకలి' అని కొట్టింది. తెరుచుకోలేదు. ఇంకోలా రాసి కొట్టింది. తెరుచుకోలేదు. గడియారం ముల్లు జరిగిపోతోంది. ఆమె చెమట తుడుచుకుని, ఏదో తోచి, "ఈ రోకలి ఎవరిదండీ?" అంది.

"మా అమ్మది. పుట్టింటినుంచి తెచ్చుకుంది."

'అమ్మరోకలి' అని కొట్టింది. అంతే! ముచ్చట తెరుచుకుంది.

తెర మీద పెరడు కనిపించింది. అరుగు మీద సూరన్న. దగ్గాడు. "ఒరే తవిటీ, ఫోను వంకరగా పట్టుకున్నావురా" అన్నాడు. తవిటయ్య రోకలి పారేసి వెళ్ళి రెండు చేతులా కంప్యూటర్ని సరిగ్గా పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి చేతులు వదల్లేదు. సన్నాయి మొదలైంది. రోడ్డు మీద పళ్ళబండివాడు బండి ఆపుకుని వచ్చి నిలబడ్డాడు. రత్నంగారు కీబోర్డు మీదనుంచి చెయ్యి తీసేసింది. వరస ముగిసింది.

"దాలీ, కాసిన్ని మంచినీళ్ళట్రా."

దాలమ్మ చివాల్న లేచింది. రత్నంగారి నీళ్ళసీసా కనిపిస్తే తీసి కంప్యూటర్ ముందు పెట్టింది. పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, "ఒరే తవిటీ, ఆకలేస్తందిరా" అంది. పళ్ళబండివాడు పరుగెత్తి వెళ్ళి అరటిపళ్ళ అత్తం పట్టుకొచ్చాడు.

రత్నంగారు ఇంక ఆ కుటుంబానికి ఏ పనీ అప్పగించలేదు. వీడియోలన్నీ తనే దించింది. గోరంత మెమరీ కార్డులు మూడింట్లో ఎక్కించింది. వాళ్ళ సంగతి తెలుసు కాబట్టి తన కంప్యూటర్లోనూ ఒకటి దాచి, ఆ మాట పైకి చెప్పలేదు. దాలమ్మకి రోజూ సాయంత్రం చూసుకోవడానికి ఒక పాత ఫోను బాగుచేసి అందులో వేసిచ్చింది. చివరగా మూడు కార్డులూ చిన్న పొట్లంలో కట్టి, ఈసారి మొగాళ్ళకి కాకుండా గౌరమ్మని పిలిపించి ఆమె చేతిలో పెట్టింది.

"చూడమ్మా, ఇవి ఏళ్ళ తరబడి నిల్వ ఉండాలి. చెప్పేది జాగ్రత్తగా విను. తడి తగలకూడదు. తడిచేత్తో ముట్టుకోకూడదు. గాలి చొరబడకుండా మూత గట్టిగా బిగించాలి. ఎండ తగలని చోట పెట్టాలి. అలా చేస్తే చెక్కుచెదరవు."

గౌరమ్మ మొహం వెలిగిపోయింది. "ఇంతేనా అమ్మా! ఇది నాకు చెప్పాలా? మా అమ్మ దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్నాను."

రత్నంగారికి ప్రాణం కుదుటపడింది. ఈ ఇంట్లో ఒక్కరైనా తెలివైనవాళ్ళున్నారనుకుంది.

గౌరమ్మ ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, తడిలేకుండా తుడుచుకుంది. ఆవపిండి కొట్టింది. కారం, ఉప్పు, మెంతులు కలిపింది. వెల్లుల్లి ఒలిచింది. మూడు కార్డులూ పొడిగుడ్డతో తుడిచి, మామిడిముక్కలతో కలిపి, నువ్వులనూనె పోసి మూడు జాడీలకెత్తింది. పాతిపెట్టిన మూతలు తవ్వితీసి గట్టిగా బిగించి పైన గుడ్డతో వాసెన కట్టింది. ఒక జాడీ ఇంట్లో పెట్టింది. ఒకటి గాజుసీసాలోకి మార్చింది. ఒకటి పాలకొండ పంపించింది.

"ఇప్పుడు బావ తాగలేడు" అన్నాడు తవిటయ్య మెచ్చుకోలుగా.

మూడోరోజు ఊరిందో లేదో చూద్దామని పోలయ్య జాడీ తెరిచాడు. వేడన్నంలో కలుపుకుని ముద్దమీద ముద్ద లాగించాడు. ఏదో పలచగా, గట్టిగా నాలిక్కి తగిలింది. మామిడిటెంక పొర అనుకున్నాడు. గుటుక్కున మింగేశాడు. మింగాక జాడీ అంతా గాలించారు. కార్డు లేదు.

తవిటయ్య తమ్ముడిని వెల్లకిలా పడుకోబెట్టి పొట్టకి చెవి ఆనించాడు. కొత్తావకాయ ఘాటుకి లోపల గుర్రుగుర్రుమంటోంది. విన్నాడు. మళ్ళీ విన్నాడు. తల పైకెత్తి ఆనందంతో కేక పెట్టాడు.

"ఒరే పోలీ! ఇంక ఫోనెందుకురా మనకి? నాన్న మేళంలోకి తిరిగొచ్చేశాడు!"

ఆ వారమే ఒక పెళ్ళి తగిలింది. పందిరి నిండా జనం. పెళ్ళికూతురు గుమ్మంలో నిలబడింది. "మేళం కానివ్వండి" అన్నారు పురోహితులు. తవిటయ్య డోలు పక్కన పెట్టి లేచాడు. పోలయ్యని పీట మీద కూర్చోబెట్టి, చొక్కా పైకెత్తి, మైకు తెచ్చి బొడ్డు దగ్గర పెట్టాడు. పందిరంతా కిక్కురుమనకుండా చూస్తోంది. మైకులోంచి 'గుర్ర్ర్' మని పెద్దగా వినిపించింది. తర్వాత సన్నగా 'కుయ్'మంది. తర్వాత ఏమీ లేదు.

పెళ్ళికూతురి తండ్రి కళ్ళెర్రజేసి "ఏంటయ్యా ఇది!" అని మీదికి రాబోయాడు.

తవిటయ్య నోటిమీద వేలేసుకుని, కళ్ళతోనే ఆయన్ని ఆపేశాడు.

"ఉష్! ఎవరూ మాట్లాడకండి. మా నాన్న శ్రుతి చూసుకుంటన్నాడు."